మాత్ర మ్రింగుట అవిశ్వాసమా?

ధ్యాన భాగములు: నిర్గమకాండము 16:11-21, మార్కు 1:40-44, 1 తిమోతి 5:23



మా దుత్తలూరు ప్రాంతములో ఆదివారపు ఆరాధన ముగిసిన పిమ్మట ప్రార్థన కొరకు ముందుకు వచ్చువారు పూర్వము జ్వరము, పంట, అప్పు, పిల్లల పెండ్లి అని చెప్పెడివారు. ఇప్పుడు వారిలో అనేకుల నోట రెండు మాటలు జంటగా వచ్చుచున్నవి. "అయ్యగారూ, షుగరు గూడా ఉంది, బీపీ గూడా ఉంది. ప్రార్థన చెయ్యండి" అందురు. ఒకప్పుడు ఈ పేర్లు కలవారి యిండ్లలో మాత్రమే వినబడెడివి. ఇప్పుడు పొగాకు కూలికి పోవు తల్లులును, గొఱ్ఱెలు కాయు పెద్దలును ఆ మాటలే పలుకుచున్నారు. 2023వ సంవత్సరములో భారత వైద్య పరిశోధన మండలి వారి అధ్యయనము ప్రకటించిన లెక్క ప్రకారము మన దేశములో 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహమును, 31 కోట్ల 50 లక్షల మందికి అధిక రక్తపోటును ఉన్నవి. ఈ రెండును ఒకే దేహములో కాపురముండుట అరుదైన సంగతి కాదు.

ఒక శుక్రవారపు కూటములో ఒక సహోదరి నన్నిట్లు అడిగెను: "అయ్యగారూ, దేవుడు బాగు చేస్తాడని నమ్మితే ఇంక బిళ్ళలెందుకు? దినామూ బిళ్ళ మింగతా ఉంటే నమ్మనట్టు కాదా?" ఆ ప్రశ్న మంచి ప్రశ్న. అడిగినది యథార్థమైన హృదయము. అయితే నేను ఆ దినమున సూటిగా జవాబు చెప్పలేదు. "ప్రార్థన చేద్దామమ్మా" అని దాటివేసితిని. ఆ దాటివేతకు మూల్యము మరియొకరు చెల్లించిరి. అందుచేతనే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మా సంఘములో ఒక విధవరాలు కలదు. పొగాకు బ్యారన్ల యొద్ద కఱ్ఱలకు ఆకు కట్టు పనిచేసి ఇద్దరు బిడ్డలను పెంచినది. ఆమెకు పది సంవత్సరములుగా మధుమేహమును, ఆరు సంవత్సరములుగా రక్తపోటును కలవు. ఒక వేసవిలో ఆమె ఒక పట్టణమున జరిగిన స్వస్థత కూటములకు వెళ్లి, ఎంతో సంతోషముతో తిరిగి వచ్చెను. మరుసటి ఆదివారము సాక్ష్యము చెప్పుటకు లేచి, "నాకిప్పుడు ఏ జబ్బూ లేదు. బిళ్ళల డబ్బా బావిలో పారేసినా" అనెను. సంఘమంతయు చప్పట్లు కొట్టెను. నాకు లోలోపల భయము కలిగెను. అడుగవలసిన మాట నా నాలుక చివర నున్నది: "అమ్మా, డాక్టరుకు చూపించుకొంటివా?" అయితే పాస్టరుకే విశ్వాసము లేదని జనులు తలంచుదురేమోనని వెరచి, నేనును అందరితోపాటు "ఆమేన్" అంటిని. తొమ్మిది వారములు గడచిన పిమ్మట ఒక ఉదయమున ఆమె బోరింగు యొద్ద బిందె యెత్తబోయి పడిపోయెను. కుడి చేయి, కుడి కాలు చచ్చుపడెను, మాట పోయెను. ఆమె బ్రదికియున్నది, ఇప్పటికిని ఆరాధనకు కుమారుని చేయి పట్టుకొని వచ్చుచున్నది. పాట మొదలైనప్పుడు ఆమె పెదవులు కదలును గాని పదములు రావు. ఆ "ఆమేన్" పలికిన వాడను నేను గనుక, ఆమె ఎదుట నిలిచి ఆశీర్వచనము చెప్పునపుడు నా గొంతు ఇప్పటికిని పట్టుకొనును.

అంతకంటె సిగ్గుపడవలసిన సంగతి మరియొకటి కలదు. ఆమె సాక్ష్యము చెప్పిన ఆ ఉదయముననే నేను ఇంటియొద్ద రెండు మాత్రలు మ్రింగి ఆరాధనకు వచ్చియుంటిని. నాకును ఆ రెండు వ్యాధులును ఉన్నవి. మూడు సంవత్సరములు ఆ మాత్రలను పుస్తకముల వెనుక దాచి యెవరికిని చెప్పకుంటిని. నేను మరుగున చేయుచున్న దానినే ఆమె బహిరంగముగా విసర్జించగా, నేను మెచ్చుకొంటిని. ఇది వేషధారణ గాక మరేమి?

ముందుగా ఈ రెండు వ్యాధులు దేహములో చేయు పని యేమో కొంచెము తెలిసికొందము. తెలియనిదే ప్రార్థన కూడ సరిగా చేయలేము.

రక్తనాళములు పొలమునకు నీరు పారించు గొట్టముల వంటివి. గుండె మోటారు వంటిది. గుండె ముడుచుకొనినపుడు గొట్టములలో కలుగు ఒత్తిడి పై అంకె. గుండె సడలినపుడు ఉండు ఒత్తిడి క్రింది అంకె. 1896లో ఇటలీ దేశస్థుడైన రివా-రోచ్చి చేతికి పట్టీ చుట్టి పై ఒత్తిడిని కొలుచు పద్ధతిని కనిపెట్టెను. 1905లో రష్యా దేశపు వైద్యుడు కొరొట్కాఫ్ నాళము మీద చెవిగొట్టము పెట్టి విని రెండు అంకెలను కనుగొను విధానమును చూపెను. ఇప్పటికిని నర్సమ్మ చేతి గొట్టములో వినునది ఆ చప్పుడే.

ఒత్తిడి యెడతెగక హెచ్చుగా నుండిన యెడల గొట్టములు బిరుసెక్కును, కొన్నిచోట్ల చిట్లును. రక్తములో చక్కెర యెక్కువైనచో అదే గొట్టముల లోపలి పొర పాడగును. కనుక ఈ రెండును రెండు వేరువేరు కష్టములు కావు. ఒకే గోడకు ఇరుప్రక్కల నుండి కన్నము వేయు ఇద్దరు దొంగలు. అంతేకాదు, ఒకడు మరియొకనికి తలుపు తీయును. దేహము ఇన్సులిన్ మాట సరిగా విననపుడు ఇన్సులిన్ రక్తములో హెచ్చును, అందుచేత మూత్రపిండములు ఉప్పును ఎక్కువగా నిలుపుకొనును, ఉప్పు వెంట నీరు నిలుచును, ఒత్తిడి పెరుగును. ఆ ఒత్తిడి మూత్రపిండములను గాయపరచును. గాయపడిన మూత్రపిండములు ఒత్తిడిని మరింత పెంచును. కన్ను, గుండె, మెదడు, పాదము, మూత్రపిండము ఈ అయిదు చోట్ల నష్టము కనబడును. అయితే కనబడునాటికి చాల కాలము గడచియుండును. తల తిరుగలేదు, నొప్పి లేదు గనుక వ్యాధి లేదనుకొనుట మన గ్రామములలో సామాన్యమైన పొరపాటు. దొంగ ఏ జామున వచ్చునో ఇంటి యజమానునికి తెలియదని ప్రభువు చెప్పిన మాట (మత్తయి 24:43) ఇక్కడ అక్షరాల వర్తించును.

ఇందులో ఆదరణ కూడ కలదు. 1998లో యునైటెడ్ కింగ్‌డములో ఈ రెండు వ్యాధులును కలిగిన 1,148 మందిని గూర్చిన యొక దీర్ఘ పరిశోధన ప్రచురింపబడెను. కొందరికి రక్తపోటును సగటున 144/82 వరకు తగ్గించిరి; మిగిలినవారికి అది 154/87 యొద్ద నుండెను. తేడా చూచుటకు చిన్నదే. అయినను ఒత్తిడి తగ్గినవారిలో పక్షవాతము 44 శాతమును, మధుమేహ సంబంధమైన మరణములు 32 శాతమును తక్కువగా నుండెను. పది అంకెల తగ్గుదల ఎందరి నోట మాటను నిలిపెనో ఆలోచించుడి. షుగరు చూచుకొంటిని గదా, బీపీ సంగతి తరువాత చూతములే అని యెవరును అనవద్దు. మధుమేహము గలవారికి 130/80 లోపల ఉంచుట మేలని నేడు అనేక వైద్యులు చెప్పుచున్నారు. ఎవరికి ఎంత యనునది మీ వైద్యుడు నిర్ణయించును.

ఇప్పుడు సహోదరి అడిగిన ప్రశ్నకు వత్తము. దినదినము మాత్ర మ్రింగుట అవిశ్వాసమా?

మొదటిది, మన్నాను గూర్చి తలంచుడి. ఇశ్రాయేలీయులు అరణ్యములో నలువది సంవత్సరములు ప్రతి ఉదయమున లేచి, వంగి, ఆనాటికి కావలసినంత కూర్చుకొనిరి. మరునాటికని దాచినది పురుగుపట్టి కంపు కొట్టెను. దేవుడు తలంచినచో ఒక్క దినమున తినిపించి నలువది సంవత్సరములు ఆకలి లేకుండ చేయలేడా? చేయగలడు. చేయలేదు. దినదినము చేయి చాచుట వారికి నేర్పెను. నిన్న తింటివి గదా, నేడు మరల ఏరుకొనుట అవిశ్వాసము కాదా అని మోషే యెవరినైనను గద్దించెనా? లేదు. ఏరుకొనకుండ గుడారములో కూర్చుండినవాడే ఆకలితో నుండెను. మన మాత్రయు అట్టిదే. నిన్నటి మాత్ర నేటికి పనిచేయదు. వారము మాత్రలు ఒక్కసారి మ్రింగుట ప్రమాదము. అనుదినాహారము కొరకు ప్రార్థించుట ప్రభువు నేర్పిన ప్రార్థనలోనిదే గనుక, అనుదిన మాత్రను చేతిలోనికి తీసికొని "ప్రభువా, నేటికి నీకు వందనములు" అనువాడు అవిశ్వాసి యెట్లగును?

రెండవది, లేఖనములలోని రోగులను చూడుడి. అపొస్తలుడైన పౌలు చేతి గుడ్డలు తాకి స్వస్థపడినవారు కలరు (అపొ. కార్య. 19:12). అయినను అదే పౌలు తిమోతి కడుపు జబ్బుకు గుడ్డ పంపలేదు. కొంచెము ద్రాక్షారసము పుచ్చుకొనుమని వ్రాసెను. అది ఆ కాలపు మందు. త్రోఫిమును రోగిగానే మిలేతులో విడిచి వచ్చెను (2 తిమోతి 4:20). ఎపఫ్రొదితు చావునకు సిద్ధమగునంత జబ్బుపడెను (ఫిలిప్పీ 2:27). ప్రియమైన వైద్యుడని పిలువబడిన లూకా ఆయన ప్రక్కననే యుండెను (కొలస్స 4:14). హిజ్కియా కన్నీటి ప్రార్థన దేవుడు వినెను, పదునైదు సంవత్సరముల ఆయుష్షు కలిపెను. అయినను యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెచ్చి పుండుమీద కట్టుమని చెప్పెను (2 రాజులు 20:1-7). ప్రార్థన వినబడిన తరువాత కట్టిన మందు అది! వాగ్దానమును, ముద్దయు ఒకే ప్రవక్త నోటనుండి వచ్చెను.

"ఆసా రాజు వైద్యులను ఆశ్రయించి తప్పుచేసెను గదా?" అని యెవరైనను అడుగవచ్చును. 2 దినవృత్తాంతములు 16:12 మరల చదువుడి. వైద్యుల యొద్దకు వెళ్లుట ఆయన తప్పని అక్కడ లేదు. యెహోవాను విడిచి వైద్యులనే పట్టుకొనుట ఆయన తప్పు. కాబట్టి రెండు అపాయములు కలవు. ఒకటి మందును త్రోసివేయుట. రెండవది మందునే దేవునిగా చేసికొనుట.

ఈ రెండవ అపాయమును గూర్చి ఒక సర్పము మనకు బోధించును. అరణ్యములో సర్పములు కరచినపుడు మోషే ఇత్తడి సర్పమును నిలిపెను. చూచినవారు బ్రదికిరి (సంఖ్యా 21:9). తరువాతి తరములవారు దానికి ధూపము వేయసాగిరి గనుక, హిజ్కియా దానిని ముక్కలు చేసి నెహుష్టాను అని పేరు పెట్టెను (2 రాజులు 18:4). దేవుడు ఇచ్చిన సాధనము విగ్రహమైనపుడు అది ఇత్తడి ముక్కయే. ఆశ్చర్యమేమనగా, నేడు రక్తపోటుకు వాడు ముఖ్యమైన మందుల జాతి యొకటి నిజముగా సర్పవిషమునుండి దారి కనుగొన్నది. బ్రెజిలు దేశపు జరారాకా అను పాము కాటు వేసినచో మనుష్యుని రక్తపోటు పడిపోవును. 1960వ దశకములో ఆ దేశపు శాస్త్రజ్ఞుడు సెర్జియో ఫెరేరా ఆ విషములోని పదార్థమును పరిశోధించెను. ఆ దారి వెంబడి వచ్చిన క్యాప్టోప్రిల్ అను మందు 1981లో అమెరికాలో అనుమతి పొందెను. ఆ జాతి మందులు మధుమేహ రోగుల మూత్రపిండములను కూడ కాపాడునని తరువాత తేలెను. అంతకు ముందే, 1949లో, బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీలు మన దేశపు సర్పగంధ వేరు రక్తపోటును తగ్గించుటను గూర్చి బ్రిటిష్ వైద్య పత్రికలో ప్రచురించి లోకమునకు తెలియజేసెను. విషములోను, వేరులోను మేలు దాచిన సృష్టికర్తను స్తుతించుడి. మాత్రకు ధూపము వేయకుడి. మాత్రను బావిలో వేయకుడి.

ఇన్సులిన్ సంగతియు అట్టిదే. 1922 జనవరిలో టొరంటో నగరమున లియొనార్డ్ థాంప్సన్ అను 14 ఏండ్ల బాలునికి మొదటిసారి అది ఎక్కించిరి. అంతకుముందు అట్టి పిల్లలకు మరణము తప్ప వేరు దారి లేదు. దానిని కనుగొనినవారు తమ హక్కును 1923లో విశ్వవిద్యాలయమునకు ఒక్కొక్క డాలరు మాత్రమే తీసికొని ఇచ్చివేసిరి. ఉచితముగా పొందినవారు ఉచితముగా ఇయ్యవలెనన్న ప్రభువు ఆజ్ఞ (మత్తయి 10:8) వైద్యశాలలో నెరవేరుట మనము చూడవచ్చును.

మూడవది, "అయితే దేవుడు నేడు స్వస్థపరచడా?" అని అడుగుదురు. స్వస్థపరచును. నేను దానిని నమ్ముచున్నాను, దాని కొరకు ప్రార్థించుచున్నాను. అయితే ప్రభువు స్వస్థపరచిన కుష్ఠరోగికి ఇచ్చిన ఆజ్ఞ యేమి? వెళ్లి యాజకునికి కనుపరచుకొనుమని (మార్కు 1:44). ఆ కాలములో కుష్ఠమును పరీక్షించి, పోయినదో లేదో నిర్ణయించువాడు యాజకుడు. ప్రభువు తన స్వస్థతను పరీక్షకు పంపుటకు వెనుదీయలేదు. నిజమైన స్వస్థత పరీక్షకు భయపడదు. కాబట్టి ఎవరైనను స్వస్థత పొందితినని తలంచినచో, సాక్ష్యము చెప్పకముందు, మాత్ర మానకముందు, ఆరోగ్య కేంద్రమునకు పోయి బీపీ, షుగరు చూపించుకొనవలెను. అంకెలు మారియుండినచో వైద్యుడే మాత్ర తగ్గించును. అప్పుడు మనము రెండింతలు స్తుతింతము. మారనిచో మాత్ర సాగును, ప్రార్థనయు సాగును. పరీక్షించుకొనకయే మాత్ర మానుట ఆలయ శిఖరమునుండి దుముకుట వంటిది. దుముకుమని చెప్పినవాడు వాక్యమునే ఎత్తి చూపెనని మరువకుడి. ప్రభువు అది దేవుని శోధించుట యని త్రోసివేసెను (మత్తయి 4:5-7).

మన తెలుగు బాప్తిస్టు సంఘముల చరిత్రలో ఒక మాట జ్ఞాపకము చేయుదును. 1876-78 మహా కరవులో క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో కొంత భాగమును గుత్తకు తీసికొని, ఆకలిగొన్న వేలమందికి కూలి కల్పించిరి. ఆ కాలములో బాప్తిస్మము కోరివచ్చినవారిని ఆపిరి. అన్నము కొరకు విశ్వసించిరను మాట రాకూడదని వారి తలంపు. సహాయ కార్యము ముగిసిన తరువాత 1878 జూలై 3న వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఇందులో నేను నేర్చుకొనునది యిది: ఆకలిగొన్నవానికి కూలిని కూలిగా ఇచ్చిరి, విశ్వాసమును విశ్వాసముగా ఎంచిరి, ఒకదానికి బదులు ఒకటి పెట్టలేదు. మనమును మందును మందుగా, ప్రార్థనను ప్రార్థనగా ఎంచుదము.

ఇక సంఘముగా మనము చేయవలసినవి కొన్ని కలవు.

ఉపవాస ప్రార్థనను గూర్చి. షుగరు మాత్రలలో కొన్నియు, ఇన్సులినును తీసికొనువారు అన్నము మానినచో చక్కెర ప్రమాదకరముగా పడిపోవచ్చును. చెమట పట్టుట, చేతులు వణకుట, మాట తడబడుట దానికి గుర్తులు. దానిని ఆత్మావేశమని పొరపడవద్దు! వెంటనే గ్లూకోజు గాని చక్కెర నీళ్లు గాని త్రాగించి, ఆసుపత్రికి తీసికొని పోవలెను. ఉపవాసము చేయదలచినవారు ముందుగా వైద్యుని అడుగవలెను. వద్దన్నచో యెషయా 58వ అధ్యాయములోని ఉపవాసము చేయుడి: ఆకలిగొన్నవానికి పెట్టుట, కాడి విప్పుట. కోపమును, కొండెమును, సెల్‌ఫోనును ఒక దినము మానుట కూడ ఉపవాసమే. "తినకుండా ఉండలేనోళ్ళు ఏం విశ్వాసులు?" అని ఏ పెద్దయు ఏ తల్లిని గాయపరచకుండును గాక.

ప్రేమ విందును గూర్చి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పు మితి మనుష్యునికి దినమునకు 5 గ్రాముల లోపు ఉప్పు. ఉదయగిరి పనివారు కఱ్ఱతో చెక్కు చెంచాలు మనకు తెలిసినవే. వానిలో చిన్న చెంచాడు అనుకొనుడి. కూర, పచ్చడి, మజ్జిగ అన్నిటిలోనిది కలిపి అంతే. మన ఊరగాయయు, ఎండు చేపయు, అప్పడమును ఒక్క పూటలోనే ఆ చెంచాను దాటించును. ఉప్పు మంచిదే యని ప్రభువు చెప్పెను (మార్కు 9:50). మితి మీరిన ఏ మంచియు మంచిగా నిలువదు. అయితే ఇక్కడ బోధకులమైన మనము జాగ్రత్తగా ఉండవలెను. కూలి దొరకని దినమున అన్నము, ఊరగాయ తప్ప మరేమియు లేని తల్లికి "ఉప్పు తగ్గించుమమ్మా" అని ఉపదేశించుట సుళువు. కూరగాయలు కొనిపెట్టుట కష్టము. కాబట్టి మొదట సంఘపు వంటపాత్రను మార్చుదము. గత క్రిస్మసునకు మా స్త్రీల సమాజము వారు సజ్జ రొట్టె, ఆకుకూర పప్పు, ఉప్పు తక్కువైన చేపల పులుసు వండిరి. మొదట గొణిగినవారును రెండవ వడ్డన అడిగిరి.

నొప్పి మాత్రలను గూర్చి. మోకాళ్లు నొప్పి యని అంగడిలో అడిగి తెచ్చుకొను మాత్రలలోను, వేయించుకొను సూదులలోను అనేకము రక్తపోటును పెంచును, మూత్రపిండములకు హాని చేయును. ఈ రెండు వ్యాధులు గలవారు వైద్యుని అడుగక వానిని వాడరాదు. చుట్ట, బీడి సంగతి చెప్పనక్కరలేదు. పొగాకు మన ప్రాంతమునకు కూడు పెట్టుచున్నదని యెరుగుదును. అయినను దాని పొగ నాళములను కోయుచున్నదని చెప్పక తప్పదు.

కొలుచుకొనుటను గూర్చి. అయిదు నిమిషములు నెమ్మదిగా కూర్చుండి, వీపు ఆనించి, పాదములు నేలమీద పెట్టి, చేయి గుండె యెత్తున ఉంచి చూపించుకొనవలెను. అరగంట ముందు కాఫీ, పొగ కూడదు. పరుగెత్తి వచ్చి చేయి చాచినచో అంకె అబద్ధము చెప్పును. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలోను, ఊరికి వచ్చు 104 బండి యొద్దను పరీక్షయు మాత్రలును ఉచితముగా దొరకును. నడువలేని వృద్ధుల మాత్రలను తెచ్చి ఇచ్చుటకు మా యౌవనస్థులలో నలుగురు ఒప్పుకొనిరి. ఇది కూడ పరిచర్యయే. నయమాను గొప్ప కార్యమును ఎదురుచూచి, యొర్దానులో ఏడుమారులు మునుగుమన్న చిన్న మాటకు కోపగించెను (2 రాజులు 5). చిన్న పనిని ఏడుమారులు చేయుట అతనికి కష్టమాయెను. మనకును అంతే.

కడపటి మాట నిందను గూర్చి. "ఏం పాపం చేసినాడో, రెండు జబ్బులూ ఒకరికే వచ్చినాయి" అను మాట నేను విన్నాను. శిష్యులును పుట్టు గ్రుడ్డివానిని చూచి అట్లే అడిగిరి. ప్రభువు అట్లు కాదనెను (యోహాను 9:3). తిండిలో మితి తప్పుట కొందరి విషయములో నిజమే, అట్టివారు పశ్చాత్తాపపడవలెను. అయితే తలిదండ్రులనుండి వచ్చిన దేహము, పేదరికపు తిండి, నిద్రలేని చింత, వయస్సు ఇవి యెవరి పాపము? మన దేహము పరిశుద్ధాత్మకు ఆలయమను సత్యమును (1 కొరింథీ 6:19) రోగిని కొట్టు కొరడాగా చేయకుడి. ఆలయపు గోడకు బీట పడినచో కట్టువారు కావలెను గాని, రాళ్లు రువ్వువారు కాదు.

పౌలు తన శరీరములోని ముల్లు తొలగవలెనని మూడుమారులు వేడుకొనెను. ముల్లు తొలగలేదు; చాలినంత కృప దొరకెను (2 కొరింథీ 12:7-9). సెమినరీలో ఈ భాగము మీద నేను వ్రాసిన ప్రసంగమునకు మంచి మార్కులు వచ్చెను. దాని అర్థము మాత్రము మాత్రల డబ్బా దాచుట మానిన దినముననే తెలిసెను. ఆ సహోదరి పడిపోయిన రెండవ ఆదివారమున నేను బల్లయొద్ద నిలువబడి, నా మాత్రలను జేబులోనుండి తీసి చూపించి, జరిగినది ఒప్పుకొంటిని. ఆరాధన ముగిసిన తరువాత ఒక పెద్ద నా యొద్దకు వచ్చి, "అయ్యగారూ, మీరే బిళ్ళలు మింగతా ఉంటే మా కోసరం ప్రార్థన ఎవురు చేస్తారు?" అనెను. నాకు బాధ కలిగెను. అయితే అతని వెనుక నిలిచియున్న ముగ్గురు పురుషులు అతడు వెళ్లువరకు ఆగి, మెల్లగా, "మాకు గూడా ఉందయ్యా. ఎవురికీ చెప్పలా" అనిరి. ఆ వారమే వారు పరీక్షకు వెళ్లిరి. పెద్దగారికి నేను ఇచ్చిన జవాబు యిది: "అన్నా, మాత్ర మింగేవాడే మాత్ర మింగేవాళ్ళ కోసరం ప్రార్థన చేస్తాడు." ఆయన ఇంకను పూర్తిగా ఒప్పుకొనలేదు. ఒప్పుకొనునని నిరీక్షించుచున్నాను.

మాట పోయిన ఆ తల్లి గత నెలలో నేను దర్శించినపుడు, తలగడ ప్రక్కనున్న డబ్బా మూతను ఎడమ చేతితో విప్పి, ఆ పూటకు ఉన్న మాత్రను అరచేతిలో పెట్టుకొని నాకు చూపెను. తరువాత కన్నులు మూసికొనెను. ప్రార్థన చేయుమని అడుగుచున్నదని నేను గ్రహించితిని. భోజనమునకు ముందు చేయునట్లే వందనములు చెల్లించితిమి. ఆమె నీళ్లు త్రాగెను.

ప్రియులారా, మీలో ఎవరైనను మాత్రలు దాచుకొనుచున్న యెడల బయట పెట్టుడి. ఎవరైనను మానివేసిన యెడల రేపటివరకు ఆగక వైద్యుని యొద్దకు పోవుడి. ఎవరైనను మానివేయుమని మీకు చెప్పిన యెడల, వారు ఎంత గట్టిగా "హల్లెలూయా" అన్నను వినకుడి.

ప్రార్థన: అరణ్యములో దినదినము మన్నా కురిపించిన తండ్రీ, నేటికి మాకిచ్చిన అన్నమునకును, మందునకును వందనములు. స్వస్థపరచుట నీ చిత్తమైన యెడల స్వస్థపరచుము. ముల్లు నిలుచుట నీ చిత్తమైన యెడల చాలినంత కృప దయచేయుము. వైద్యులకు జ్ఞానమును, బీదలకు మందును, బోధకులకు నిజము చెప్పు ధైర్యమును అనుగ్రహించుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.